జో కాల్‌జాగీ 46-0: ఎదుటివాళ్లని ఏరుకున్నాడా, దొరకలేదా?

న్యూపోర్ట్_రాజా:

అందరికీ నమస్కారం. నేను వేల్స్‌లో న్యూపోర్ట్‌లో ఉంటాను, వచ్చి ఆరేళ్లయింది. గోడౌన్‌లో నైట్ షిఫ్టు. మా టీమ్‌లో ఒకాయన ఇక్కడి లోయ ఊళ్లలోనే పుట్టి పెరిగిన వెల్ష్ మనిషి, యాభై దాటాయి. ఇంకొకతను నాటింగ్‌హామ్ కుర్రాడు. టీ బ్రేక్‌లో బాక్సింగ్ మాట వచ్చిందంటే చాలు, ఇద్దరూ వెల్ష్ బాక్సర్ జో కాల్‌జాగీ దగ్గరే ఆగిపోతారు. 46 ఫైట్లు, 46 గెలుపులు, ఇంకేం కావాలంటాడు పెద్దాయన. మా ఊరి బాక్సర్ కార్ల్ ఫ్రాచ్‌ని చూసి బెల్టు వదిలేసి వెళ్లిపోయాడంటాడు కుర్రాడు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి, నువ్వు చెప్పు, నీకు ఏ పక్షమూ లేదు కదా అంటారు.

తెలియకుండా తీర్పు చెప్పడం ఇష్టంలేక నాలుగు నెలలుగా సెలవు రోజుల్లో అతని ఫైట్లు వరసపెట్టి చూశాను. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని రౌండ్ రౌండ్‌కీ నా మార్కులు నేనే వేసుకున్నాను. నాకు అర్థమైన వరస చెప్తాను, తప్పుంటే దిద్దండి.

1997 అక్టోబర్ 11, షెఫీల్డ్. స్టీవ్ కాలిన్స్‌తో జరగాల్సింది. కాలిన్స్ తప్పుకోవడంతో రెండు వారాలు కూడా టైమ్ లేకుండా క్రిస్ యూబ్యాంక్ వచ్చాడు. గంట మోగిన కాసేపటికే యూబ్యాంక్ కిందపడ్డాడు, అయినా లేచి పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. ప్రపంచ బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీవో సూపర్ మిడిల్‌వెయిట్ బెల్టు, అంటే 76 కిలోల తరగతి, పాతికేళ్ల కాల్‌జాగీకి వచ్చింది. పదేళ్లు దాటినా వదల్లేదు. 21 సార్లు నిలబెట్టుకున్నాడు.

నా పేచీ ఆ 21 దగ్గరే. 2006 మార్చిలో జెఫ్ లేసీ ఎదురయ్యేదాకా ఎనిమిదేళ్లు పైనే గడిచాయి. ఆ మధ్య రాబిన్ రీడ్, రిచీ వుడ్‌హాల్, చార్ల్స్ బ్రూవర్, బైరన్ మిచెల్ ఉన్నారు. ఈ నలుగురూ ఒకప్పుడు ఏదో ఒక ప్రపంచ బెల్టు కట్టినవాళ్లే, కాదనను. మిగతావాళ్లో? విల్ మెకిన్‌టైర్, కబారీ సాలెం, ఎవాన్స్ ఆషిరా. నోట్‌బుక్‌లో రాసుకోకపోతే ఒక్క పేరూ గుర్తుండేది కాదు నాకు.

ఆ తర్వాత మూడేళ్లు చూస్తే ఇతను వేరే మనిషా అనిపించింది. లేసీ, డెన్మార్క్ చాంపియన్ కెస్లర్, అమెరికా దిగ్గజాలు హాప్కిన్స్, రాయ్ జోన్స్. 2009 ఫిబ్రవరిలో రిటైర్. అయితే హాప్కిన్స్‌తో తలపడేటప్పటికి హాప్కిన్స్‌కి 43, జోన్స్‌తో తలపడేటప్పటికి జోన్స్‌కి 39. నాటింగ్‌హామ్ కుర్రాడు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి మా లాకర్ తలుపుకి అంటించాడు.

ఇలాంటి మనిషిని ఎక్కడ పెట్టాలి? చూసినవాళ్లు, ముఖ్యంగా గ్లవ్స్ తొడిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

విశాఖ_సౌత్‌పా:

రాజా తమ్ముడూ, గ్లవ్స్ తొడిగినవాణ్ని కాబట్టి నేనే మొదలెడతాను. వైజాగ్‌లో పదేళ్లు రింగులో ఉన్నాను. స్టేట్ దాకా వచ్చి ఆగిపోయాను. కాల్‌జాగీలాగే ఎడంచేతి వాటం. ఆగిపోవడానికి కారణం కూడా చెయ్యే.

కాల్‌జాగీ అరచేత్తో చరుస్తాడు, పిడికిలితో గుద్దడు అని తిడతారు చూడు, ఆ మాట సగం నిజం. మణికట్టు పూర్తిగా తిప్పి మెటికలు దిగేలా కొట్టడు చాలాసార్లు. ఎందుకో నాకు తెలుసు. నాకు ఎడమ పిడికిట్లో నడిమి మెటిక వెనకున్న ఎముక రెండుసార్లు విరిగింది. రెండోసారి తర్వాత బ్యాండేజీ చుట్టుకునేటప్పుడే తెలిసిపోయేది. మణికట్టుకి మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోటి, మెటికల మీద మందంగా మడత, అన్నీ సరిగ్గానే ఉండేవి. పిడికిలి బిగిస్తే మాత్రం లోపల ఇసుక కదిలినట్టుండేది. బౌట్ అయ్యాక రెండ్రోజులు లుంగీ ముడి కూడా కుడిచేత్తోనే వేసుకునేవాణ్ని. అలాంటి చెయ్యి ఉన్నవాడు రెండే దార్లు వెతుక్కుంటాడు. ఒకటి మానేయడం, నేను చేసింది అదే. రెండోది గట్టిగా ఒక్కటి కొట్టే బదులు తేలిగ్గా ఐదు కొట్టడం. అతను పన్నెండు రౌండ్లూ ఆ ఐదూ కొట్టగలిగాడు. ఎదుటివాడు ఒక్కటి ఆపుకునేలోపు మిగతా నాలుగు తగిలేవి.

నువ్వు పేరు గుర్తుండదన్న ఎవాన్స్ ఆషిరా ఫైట్ ఇంకోసారి చూడు. 2005 సెప్టెంబర్, కార్డిఫ్. ఎడంచెయ్యి మధ్యలోనే విరిగింది. సౌత్‌పాకి, అంటే ఎడంచేతి వాటం వాడికి, ఎడంచెయ్యంటే దెబ్బంతా అందులోనే ఉంటుంది. కుడి జాబ్ (ముందుచేత్తో నేరుగా వేసే దెబ్బ), కుడి హుక్, కాళ్లు, ఇంతే పెట్టుకుని మిగతా రౌండ్లన్నీ లాక్కొచ్చాడు. ఎదుటివాడు గొప్పోడు కాదు, ఒప్పుకుంటాను. అయినా ఒంటిచేత్తో ప్రపంచ టైటిల్ కాపాడుకోవడం నేను మళ్లీ చూళ్లేదు.

ఆ తర్వాత ఆరు నెలలకే లేసీ. చెయ్యి బాగోలేదని తప్పుకుందామనుకున్నాడు, వాళ్ల నాన్న ఎంజో ఒప్పుకోలేదు. ఎంజో బాక్సర్ కాడు, సార్డీనియా నుంచి వచ్చిన సంగీతం మనిషి. కొడుక్కి నేర్పడానికే బాక్సింగ్ తాను నేర్చుకున్నాడు. మాంచెస్టర్‌లో రాత్రి రెండింటికి గంట కొట్టారు, అమెరికా టీవీ కోసం. లేసీకి 28, ఓటమి లేదు, ఐబీఎఫ్ అనే ఇంకో సంస్థ చాంపియన్. చాలామంది లేసీ మీదే పందెం కాశారు. మొదటి మూడు నిమిషాల్లోనే లేసీ ముక్కు నుంచి రక్తం. నాలుగో రౌండ్‌కి వచ్చేసరికి లేసీ చెయ్యి ఎత్తేలోపే మూడు తగిలేవి. జడ్జీల కార్డులు 119-105, 119-107, 119-107. రౌండ్‌కి పది లెక్కన 120 రావాలి, తగ్గిన ఆ ఒక్క పాయింటు కూడా ఫౌల్‌కి కోసింది. ముగ్గురు జడ్జీల్లో ఒక్కరూ లేసీకి ఒక్క రౌండూ ఇవ్వలేదు. నా దృష్టిలో బ్రిటన్ బాక్సర్ ఒకడు బరిలో చేసిన గొప్ప పనుల్లో అదొకటి.

ఇక ఎదుటివాళ్ల మాట. 76 కిలోల్లో అప్పుడు పెద్ద పేరు స్వెన్ ఓట్‌కె. అతనూ ఓడలేదు, 34-0, అతనివీ 21 డిఫెన్సులు. దాదాపు అన్నీ జర్మనీలోనే. 2004లో రిటైర్ అయిపోయాడు. ఇద్దరూ కొట్టినవాళ్లని పక్కపక్కన పెట్టి చూడు. 2003 మార్చిలో బైరన్ మిచెల్ మీద ఓట్‌కె చీలిక తీర్పుతో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో, బయటపడ్డాడు. జూన్‌లో అదే మిచెల్ కాల్‌జాగీని రెండో రౌండ్‌లో పడేశాడు, కెరీర్‌లో అతను పడ్డం అదే మొదలు. లేచి అదే రౌండ్‌లో మిచెల్‌ని ముగించాడు. రాయ్ జోన్స్ అయితే కాల్‌జాగీ బెల్టు గెలవకముందే, 1996లోనే, పై తరగతికి వెళ్లిపోయాడు. 2002లో హాప్కిన్స్‌తో మాటలు నడిచి డబ్బు దగ్గర తెగిపోయాయి. ఇవన్నీ ఒక్కడి మీదే వేస్తే ఎలా?

లెక్క_సరిచూడు:

విశాఖ అన్న చేతుల గురించి రాసింది చదివి కాసేపు ఆగాను. ఇంత దగ్గరగా ఎవరూ చెప్పలేదు నాకు. అయినా నా అభిప్రాయం మారలేదు, కారణం చెప్తాను.

1999, 2000 సంగతి వదిలేద్దాం. కుర్రాడు, కొత్త చాంపియన్, చేతి గాయాలు. రీడ్‌తో 1999లో న్యూకాజిల్‌లో చీలిక తీర్పు, ఇద్దరు జడ్జీలు 116-111 ఇతనికి, మూడో జడ్జి అదే అంకె రీడ్‌కి. అలాంటి రాత్రి ఎవరికైనా వస్తుంది. నాకు నొప్పి 2003 వేసవి తర్వాత. మిచెల్‌ని రెండు రౌండ్లలో ముగించాక అతనికి 31. సరిగ్గా పండిన వయసు. అప్పుడు ఏం చేశాడు? మెగర్ మ్కర్చియన్. కబారీ సాలెం, ఎడిన్‌బరోలో, నాలుగో రౌండ్‌లో సాలెం ఇతన్ని కింద కూడా పడేశాడు. మారియో వైట్, 2001లో ఒక్క రౌండ్‌లో కొట్టినవాడే మళ్లీ. తర్వాత ఆషిరా. రెండున్నరేళ్లు ఇలాగే పోయాయి.

సరిగ్గా అదే సమయంలో పై తరగతి, 79 కిలోలది, తలుపులు తెరుచుకుని ఉంది. 2004 మేలో అమెరికా బాక్సర్ టార్వర్ రాయ్ జోన్స్‌ని రెండో రౌండ్‌లో పడగొట్టాడు. సెప్టెంబర్‌లో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండ్‌లో జోన్స్‌ని కదల్లేకుండా చేశాడు. డిసెంబర్‌లో ఆ జాన్సనే టార్వర్‌ని కూడా పాయింట్ల మీద కొట్టాడు. ఆ జాన్సన్‌తో కాల్‌జాగీకి అదే ఏడాది ఫైట్ ఖరారై ఉంది. తప్పుకున్నది కాల్‌జాగీ. గాయం నిజమే అయ్యుండొచ్చు, అబద్ధమని నేననను. కానీ మళ్లీ తేదీ పెట్టుకుని వెళ్లలేదు. జోన్స్‌ని కొట్టడానికి జాన్సన్ 2004లో వెళ్లాడు. కాల్‌జాగీ 2008 నవంబర్‌లో వెళ్లాడు, న్యూయార్క్‌కి. మొదటి రౌండ్‌లో పడి లేచి ముగ్గురు జడ్జీల దగ్గరా 118-109 తెచ్చుకున్నాడు, చూడ్డానికి బాగుంది. ఆ గెలుపుని కెరీర్ పట్టికలో పై వరసలో పెట్టేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించలేను.

ఇంకో చిన్న సంగతి. లేసీ దగ్గర గెలిచిన ఐబీఎఫ్ బెల్టుని 2006 చివర్లో వదిలేశాడు, వరసలో ఉన్న రాబర్ట్ స్టీగ్లిట్జ్‌తో ఆడకుండా. 2007 ఏప్రిల్‌లో కార్డిఫ్ స్టేడియంలో ఎవరితో ఆడాడు? టీవీ రియాలిటీ షోలో పేరు తెచ్చుకున్న పీటర్ మన్‌ఫ్రెడోతో, మూడు రౌండ్లు. ఇది మాత్రం ఏరుకోవడమే.

కెస్లర్ విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు లేదు. 28 ఏళ్లు, 39-0, చేతిలో రెండు బెల్టులు. అక్కడ కాల్‌జాగీని చూస్తే ఇంకా కోపం వస్తుంది నాకు, ఇంత ఉన్నవాడు ఇంతకాలం ఎందుకు ఆగాడని.

రాజా గారూ, ఫ్రాచ్ విషయంలో మాత్రం మీ నాటింగ్‌హామ్ కుర్రాడిది తప్పు. 2008లో ఫ్రాచ్ ఇంకా ప్రపంచ టైటిల్ ఫైట్ ఆడలేదు. కాల్‌జాగీ వదిలేసిన డబ్ల్యూబీసీ బెల్టు కోసమే డిసెంబర్‌లో ఫ్రాచ్, జాన్ పాస్కల్ తలపడ్డారు. ఫ్రాచ్ గొప్పతనమంతా ఆ తర్వాత వచ్చింది. హాప్కిన్స్, జోన్స్ ముందుండగా 36 ఏళ్లవాడు ఫ్రాచ్‌ని ఎంచుకోవాలనడం న్యాయం కాదు.

ఇందూరు_స్రవంతి:

నేను నిజామాబాద్. మా దిక్కు ఇప్పుడు ఆడపిల్లలు గ్లవ్స్ పట్టుకుని పొద్దున్నే గ్రౌండ్‌కి పోతున్నరంటే నిఖత్ జరీన్ వల్లనే. అందుకే ఈ మాట నాకు ఇంకో తీరుగా అనిపిస్తది.

అమెచ్యూర్‌లో ఎవరితో ఆడాలన్నది బాక్సర్ చేతిలో ఉండదు. డ్రా తీస్తరు, చీటీలో ఎవరొస్తే వాళ్లే. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. అంతటి ఆమె 2024 పారిస్‌కి పోతే సీడింగ్ లేదు. రెండో బౌట్‌లోనే చైనా వూ యూ ఎదురైంది, టాప్ సీడ్. నిఖత్ ఓడిపోయింది. ఆ వూ యూనే చివరికి బంగారు పతకం కొట్టింది. నేను ఆ రోజు టీవీ ముందు ఏడ్చిన. ఆ బౌట్ ఫైనల్‌లో పడితే మెడల్ వచ్చేది కదా అనుకున్న. కానీ ఎవ్వరూ నిఖత్‌ని ఎవరితో ఆడినవని అడగలేరు. అందరితో ఆడింది.

ప్రొఫెషనల్‌లో ఆ చీటీ ప్రమోటర్ చేతిలో, టీవీ వాళ్ల చేతిలో ఉంటది. చాంపియన్‌ది అందులో కొంతనే, కానీ బెల్టు పాతబడే కొద్దీ ఆ కొంత పెరుగుతది. 25 ఏళ్లప్పుడు కాల్‌జాగీని నేనేమీ అనను. 32 ఏళ్లకి, 14 డిఫెన్సులు అయినంక, నాకు వీడే కావాలని గట్టిగ అడిగే స్థానం వచ్చింది అతనికి. అడిగిండా లేదా అన్నదే నేను చూస్త. లెక్క అన్న చెప్పిన రెండున్నరేళ్లల్ల అడిగినట్టు నాకు కనిపించలే. 2007, 2008ల అడిగిండు. హాప్కిన్స్ కోసం లాస్ వేగస్ పోయిండు, ఆయన దేశానికే.

విశాఖ_సౌత్‌పా:

స్రవంతి అమ్మా, చీటీ మాట బాగా చెప్పావు. మా రోజుల్లో డ్రా షీట్ గోడకి అంటించేటప్పుడు గుండె ఎలా కొట్టుకునేదో గుర్తొచ్చింది.

జాన్సన్ విషయంలో లెక్క తమ్ముడు చెప్పింది నేను తోసిపుచ్చలేను. అది అతని ఖాతాలో ఖాళీయే. హాప్కిన్స్ దగ్గర మాత్రం వయసు అంకె చూసి కొట్టిపారేయకండి. 43 ఏళ్లవాడు ముసలాడైతే, ఆరు నెలలకే ఓటమి ఎరగని కెల్లీ పావ్లిక్‌ని అంత ఏకపక్షంగా ఎలా కొట్టాడు? 46 ఏళ్లకి, 2011లో, పాస్కల్‌ని ఓడించి అప్పటిదాకా ఎవరూ చేరని వయసులో ప్రపంచ చాంపియన్ ఎలా అయ్యాడు? కాల్‌జాగీ మొదటి రౌండ్‌లోనే కుడిచేతి దెబ్బకి కింద కూర్చున్నాడు ఆ రోజు. అక్కణ్ణుంచి హాప్కిన్స్ పట్టేసుకుంటున్నా, తల పెడుతున్నా, టైమ్ లాగుతున్నా, చేతులు ఆపలేదు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్లు 232 తగిలాయన్నారు. అప్పటిదాకా హాప్కిన్స్‌కి ఏ ఒక్కరూ అన్ని తగిలించలేదు. ఇద్దరు జడ్జీలు ఇతనికి, ఒకరు హాప్కిన్స్‌కి. హాప్కిన్స్ గెలిచాడన్నా నేను పోట్లాడను, అంత బిగువైన బౌట్ అది. కానీ అది ఖర్చైపోయిన మనిషి మీద గెలుపు కాదు. జోన్స్‌ది వేరు, అక్కడ మీతో ఉన్నాను.

న్యూపోర్ట్_రాజా:

అందరికీ చాలా థాంక్స్. మీ జవాబులు ఇంగ్లీషులో చెప్పి మా వాళ్లిద్దరికీ వినిపించాను. ఫ్రాచ్ గురించి లెక్క అన్న మాట వినగానే కుర్రాడు లేచి టీ కలుపుకోవడానికి వెళ్లిపోయాడు. కాగితం మాత్రం లాకర్ మీదే ఉంది.

పెద్దాయన సంగతి చెప్పాలి. 2007 నవంబర్‌లో కెస్లర్ ఫైట్‌కి ఆయన స్టేడియంలో ఉన్నాడు, కార్డిఫ్‌లో రైల్వే స్టేషన్ పక్కనే ఉండేదే. యాభై వేలమంది. అమెరికా టైమ్ కోసం అర్ధరాత్రి దాటాక మొదలైంది. చలికి ఆయనా, ఆయన కొడుకూ ఒకే దుప్పటి కప్పుకున్నారట. మొదటి నాలుగు రౌండ్లు కెస్లర్ అప్పర్‌కట్లు తగులుతుంటే వాళ్ల వరసలో ఒక్కరూ మాట్లాడలేదన్నాడు. తర్వాత కాల్‌జాగీ దూరం మార్చుకుని జాబ్ మొదలెట్టాక ఒక్కసారిగా అందరూ లేచారట, మళ్లీ ఎవరూ కూర్చోలేదు. ఇదంతా చెప్తున్నప్పుడు ఆయన చేతులు ఆ జాబ్ వేస్తూనే ఉన్నాయి. అప్పుడు నేను 2003 నుంచి 2005 సంగతి అడిగాను. వాదిస్తాడనుకున్నాను. కాసేపు కప్పులోకి చూసి, ఆ ఏళ్లు నాకూ బాధే, ఇంకా చాలా చూడాల్సిందన్నాడు. ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

పోయిన ఆదివారం రైలెక్కి న్యూబ్రిడ్జ్ కూడా వెళ్లొచ్చాను, కాల్‌జాగీ పెరిగిన ఊరు. ఎబ్వ్ నది పక్కన, కొండవాలు మీద ఒకదాన్నొకటి ఆనుకున్న గని కార్మికుల ఇళ్ల వరసలు. గనులు మూతపడి చాలా ఏళ్లయింది, వాళ్లు డబ్బులేసుకుని కట్టుకున్న మెమోరియల్ హాలు మాత్రం నిలబడి ఉంది. లండన్‌లో పుట్టి పసితనంలోనే ఈ లోయకొచ్చిన పిల్లాడు ఇక్కడే నాన్న దగ్గర నేర్చుకుని ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పదేళ్లపాటు ఫైట్‌కి అమెరికా ఎందుకు వెళ్లలేదో ఆ వీధిలో నడుస్తుంటే కొంత అర్థమైంది నాకు. కార్డిఫ్‌లో ఫైట్ పెడితే ఊరంతా ఖాళీ అయి వచ్చేవారట. అలా వచ్చే మనుషుల్ని వదిలి, జాన్సన్ లాంటివాడి కోసం సముద్రం దాటడం తేలిక కాదు. కానీ దాటాల్సింది. 2004లో దాటాల్సింది. లేసీని చూశాక నాకు ఇందులో సందేహం లేదు, ఆ మనిషి జాన్సన్‌ని కొట్టేవాడు, టార్వర్‌నీ కొట్టేవాడు. కొట్టగలిగీ వెళ్లలేదన్నదే నా బాధ.

అందుకని నా తీర్పు ఇలా చెప్పాను వాళ్లకి. 76 కిలోల్లో ఇప్పటిదాకా వచ్చినవాళ్లలో మొదటి ముగ్గురిలో ఉంటాడు, లేసీ, కెస్లర్ చాలు అందుకు. 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టడం న్యాయమే. ఏ తరగతి అయినా సరే మొత్తం గొప్పవాళ్ల వరస అంటే మాత్రం, ఆ రెండున్నరేళ్ల వల్ల నేను ఒక మెట్టు కింద పెడతాను. పెద్దాయన ఒప్పుకోలేదు. కుర్రాడూ ఒప్పుకోలేదు.

విశాఖ అన్నా, హాప్కిన్స్ ఫైట్‌కి నా కార్డు 114-113, కాల్‌జాగీకి. రీడ్ ఫైట్ మాత్రం రెండుసార్లు చూసినా తేల్చుకోలేకపోతున్నా, ఒకసారి 115-113 ఇతనికి, ఇంకోసారి డ్రా వచ్చింది. ఈ శనివారం సౌండ్ ఆపేసి మళ్లీ చూస్తాను, కామెంటరీ మాట చెవిన పడకుండా. మీరూ చూసి మీ కార్డులు పెట్టండి.

విశాఖ_సౌత్‌పా:

నిన్న రాత్రే చూశాను తమ్ముడూ, సౌండ్ లేకుండానే. నాకు 115-114 వచ్చింది, రీడ్‌కి. ఒక రౌండ్ సమానం ఇచ్చాను. ఏడు, ఎనిమిది రౌండ్లలో కాల్‌జాగీ ఎడంచెయ్యి సగంలోనే ఆగిపోతోంది, పూర్తిగా చాపట్లేదు. ఆ చెయ్యి అప్పటికే నొప్పిగా ఉందని చూస్తేనే తెలుస్తోంది. నువ్వు శనివారం చూసేటప్పుడు అక్కడ ఆపి చూడు.